చీటి లేని చీర

తెలుగువారి ఇంట పెండ్లి కుదిరినప్పుడు గద్వాల చీర మాట రాకుండుట అరుదు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న భూమిని నడిగడ్డ యందురు. ఆ నడిగడ్డలోని గద్వాల పూర్వము సంస్థానమై, కవిపండితులను పోషించి ‘విద్వద్గద్వాల’ యని పేరు గన్నది. నేడు ఆ పేరును దేశమంతట వినిపించుచున్నది అచ్చటి మగ్గము. గద్వాలకు ఈశాన్యమున, కృష్ణకు ఆవలి వైపున వనపర్తి. ఇంకను ముందునకు పోయిన నాగర్‌కర్నూలు. 2016 అక్టోబరు 11వ తేదీన ఈ మూడు పట్టణములును మూడు జిల్లాలకు కేంద్రములైనవి. అంతకు మున్ను మూడును మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. గద్వాల చుట్టుపట్ల రాజోలి, అయిజ మొదలైన యూళ్లలోను, వనపర్తి వైపున అమరచింత, కొత్తకోటలలోను నేతపని తరతరములుగా సాగుచు వచ్చినది.

ఇంత పేరు గల వస్త్రము చుట్టును, పేరులేని వేయి వస్త్రముల చుట్టును, అంగళ్లలో ఒక తగవు నిత్యము నడుచుచుండును. అది పత్రికల కెక్కునంతటి తగవు కాదు. అయినను నెలజీతముపై బ్రదుకు సంసారములకు అది చిన్నదియు కాదు. నాగర్‌కర్నూలులోని ఒక ఉపాధ్యాయిని కూతురి పెండ్లికై పట్టంచు చీర యొకటి కొన్నదనుకొందము. పెండ్లి గడచిన పిదప మొదటిసారి నీట పెట్టగనే ఎఱ్ఱని అంచు రంగు తెల్లని ఒడలిలోనికి ప్రాకినది. ఆమె చీరను మడిచి సంచిలో పెట్టుకొని అంగడికి పోయినది.

“టీచరమ్మా, పట్టంచు చీరను ఇంట్లో ఉతుకుతారా? నీళ్లు తగిలిన చీరను మేము వెనుకకు తీసుకోలేమమ్మా” అని అంగడి యజమాని మర్యాదగనే చెప్పెను.

“రంగు పోతుందని అమ్మేటప్పుడు మీరు చెప్పలేదు కదా, సేటుగారూ!” అని ఆమె యనెను.

“బిల్లు తెచ్చారా?”

బిల్లు లేదు. బిల్లు వద్దన్నచో కొంత తగ్గింతునని ఆయన యనగా, ఆమెయు సంతోషించి ఒప్పుకొన్నది. అక్కడితో మాట ముగిసినది. రంగు అద్దకములోని లోపమువలన పోయెనా, ఉదుకుటలోని పొరపాటువలన పోయెనా యన్నది తేలలేదు. అసలు ఆ చీర గద్వాల మగ్గముపై నేసినదో, ఎక్కడనో మరమగ్గముపై నేసి గద్వాల పేరు పెట్టినదో కూడ తేలలేదు. ఆమెకు డబ్బు పోయినది. ఆమె నలుగురితో చెప్పగా గద్వాల పేరును పోయినది. ఈ రెండు నష్టములకును మూలము ఒక్కటే. కొనునప్పుడు ఏ వస్తువు ఏ మాటపై చేతులు మారెనో ఎక్కడను వ్రాయబడి లేదు.

పూర్వుల నియమము

కొన్న సరుకును త్రిప్పియిచ్చుట పాశ్చాత్యుల నుండి నేర్చుకొన్న క్రొత్త అలవాటని కొందరి అభిప్రాయము. అది సరికాదు. మన ధర్మశాస్త్రకారులు వ్యాజ్యములను పదునెనిమిది విధములుగా విభజించినప్పుడు, కొని గాని అమ్మి గాని పిదప విచారపడుట వలన వచ్చు వివాదమును అందొకటిగా పేర్కొనిరి. దానికి క్రయవిక్రయానుశయమని పేరు. అట్లు విచారపడినవాడు పది దినములలోపల వస్తువును త్రిప్పియీయవచ్చునని, లేక త్రిప్పి తీసికొనవచ్చునని మనుస్మృతి చెప్పుచున్నది.

కౌటిల్యుని అర్థశాస్త్రము ఈ విషయమున మరింత సూక్ష్మముగా నున్నది. కొనుగోలును రద్దు చేసికొనుటకు వర్తకులకు ఒక రాత్రి, కర్షకులకు మూడు రాత్రులు, పశుపాలకులకు ఐదు రాత్రులు గడువని అందు కలదు. సరుకునుగూర్చి తెలిసినవానికి తక్కువ గడువు, తెలియనివానికి ఎక్కువ గడువు అన్నమాట. అమ్మిన సరుకును ఇయ్యని వర్తకునకు పండ్రెండు పణముల దండన. కొన్న సరుకును పుచ్చుకొనని వానికిని పండ్రెండు పణములే. సరుకులో దోషమున్నచో ఇరువురికిని ఈ దండనము లేదు. న్యాయము కొనువాని వైపునకు గాని, అమ్మువాని వైపునకు గాని మొగ్గలేదు.

బట్టల మాట కూడ ఆ గ్రంథమున వచ్చినది. చాకలివారు కొయ్యపలకలపై గాని, నునుపైన రాతిపై గాని ఉదుకవలెననియు, మరియొకచోట ఉదికి బట్ట పాడైనచో నష్టమునకు తోడు ఆరు పణములు చెల్లింపవలెననియు నియమము. ‘నీవు సరిగా ఉదుకలేదు’ అను మాట రెండువేల యేండ్ల నాడును ఉండెడిదని దీనివలన తెలియుచున్నది. పదుమూడవ శతాబ్దమున కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ను రచించి వ్యవహారధర్మమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. న్యాయము ప్రజల భాషలో ఉండవలెనను తలంపు మనకు క్రొత్తది కాదు.

కొనువాని జాగ్రత్త, అమ్మువాని బాధ్యత

ఆంగ్లేయుల న్యాయము మొదట వేరు త్రోవన నడచినది. కొనువాడే జాగ్రత్తపడవలెనని వారి పాత సూత్రము. సంతలో గుఱ్ఱమును పండ్లు చూచి కొనువానికి ఆ సూత్రము సరిపడును గాని, మూటగట్టిన సరుకును నమ్మి కొనువానికి సరిపడదు. 1893లో ఇంగ్లండున చేసిన వస్తువిక్రయ శాసనము ఆ సూత్రమునకు హద్దులు పెట్టినది. దానిని మాతృకగా తీసికొని చేసినదే 1930 నాటి మన వస్తువిక్రయ చట్టము. అది నేటికిని అమలులో నున్నది.

దానిలో బట్టలు కొనువారు ఎరుగదగిన ముఖ్యాంశములు కొన్ని కలవు. వర్ణన చెప్పి అమ్మినచో సరుకు ఆ వర్ణనకు తగియుండవలెను. నమూనా చూపి అమ్మినచో సరుకు నమూనావలె ఉండవలెను. ఆ సరుకుతో వ్యాపారము చేయువానియొద్ద వర్ణననుబట్టి కొన్నప్పుడు అది అంగడిలో చెల్లుబడి కాదగిన నాణ్యము కలదై యుండవలెను. కాని కొనువాడు ముందే పరీక్షించి చూచియున్నచో, ఆ పరీక్షలో కనబడవలసిన లోపమునకు అమ్మువాడు బాధ్యుడు కాడు. చిరుగు, రంధ్రము, తెగిన పోగు, మరక మొదలైనవి వెలుతురున విప్పి చూచినచో కనబడును. వాటిని అంగడిలోనే చూచుకొనవలెను. నీట పెట్టిన పిదప పోవు రంగు, కొన్నాళ్లకు నల్లబడు జరీ చూపునకు అందనివి. వాటి బాధ్యత అమ్మువానిని విడువదు.

ఆ వెనుక లోకమంతట కొనువారి పక్షము బలపడినది. 1962 మార్చి 15వ తేదీన అమెరికా అధ్యక్షుడు కెనెడీ తన శాసనసభకు సందేశము పంపుచు కొనువారికి నాలుగు హక్కులు కలవనెను: భద్రత, సమాచారము తెలియుట, ఎంచుకొనుట, తమ మాట వినబడుట. ఆ దినమునే ప్రపంచ వినియోగదారుల హక్కుల దినముగా పాటించుచున్నారు. 1985లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రములను ఆమోదించినది. మరుసటి సంవత్సరము భారతదేశమున వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. దానికి రాష్ట్రపతి ఆమోదము లభించిన డిసెంబరు 24 మనకు జాతీయ వినియోగదారుల దినము. ఆ చట్టము స్థానమున 2019 నాటి క్రొత్త చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది.

అంగళ్లలోని తగవునకు ఈ క్రొత్త చట్టమున సూటియైన సమాధానము కలదు. లోపముగల వస్తువును అమ్మిన పిదప దానిని వెనుకకు తీసికొని డబ్బు ఇచ్చివేయుటకు నిరాకరించుట అనుచిత వ్యాపారపద్ధతి యని అది స్పష్టముగా చెప్పినది. బిల్లులో గడువు వ్రాసియున్నచో ఆ గడువులోపల, వ్రాయనిచో 30 దినములలోపల డబ్బు త్రిప్పి ఇయ్యవలెను. బిల్లు ఇయ్యకుండుటయు అనుచిత పద్ధతియే. ఇంగ్లండున 2015 నాటి చట్టము కూడ లోపముగల సరుకును త్రిప్పియిచ్చి పూర్తి వెల పొందుటకు 30 దినముల గడువునే పెట్టినది.

‘అమ్మిన సరుకు వాపసు తీసికొనబడదు’ అని గోడపై వ్రాసినంతమాత్రమున ఈ హక్కు పోదు. బిల్లులపై అట్టి మాట అచ్చువేయుట అనుచిత వ్యాపారపద్ధతి యని కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారాల శాఖ 1999లోనే రాష్ట్రములకు తెలిపెను. ఇంటనుండియే తెప్పించుకొను సరుకులకు 2020 నాటి నియమములు వేరుగా కలవు. వచ్చిన వస్తువు ప్రకటించినట్లు లేనప్పుడు వెనుకకు తీసికొననని అమ్మకందారు చెప్పరాదు.

అయితే ఈ హక్కునకు హద్దు కలదు. లోపమన్నది వస్తువులో ఉండవలెను. ‘ఇంటికి పోయిన తరువాత రంగు నచ్చలేదు’, ‘ఆడపడుచు బాగులేదన్నది’ అనునవి లోపములు కావు. అట్టి సందర్భమున మార్చియిచ్చుట అంగడివారి సౌజన్యము. వారు ముందుగా మాట యిచ్చియున్నచో అది వారి బాధ్యత.

ఏది లోపము, ఏది మగ్గపు గుర్తు

గద్వాల చీర విషయమున లోపమును గుర్తించుటకు దాని నేత తెలియవలెను. సంప్రదాయపు గద్వాల చీరలో ఒడలు నూలు. అంచును, కొంగును పట్టు. ఒడలి పేక ఒక నాడెలో, రెండంచుల పేకలు వేరు రెండు నాడెలలో నడచును. ఒడలి పోగును అంచు పోగును కలియు చోట ఒకదానినొకటి పెనవేయుట ఇందలి విశేషము. దీనిని కుప్పడము అందురు. పేకలు వేరగుటచేత ఒడలి రంగు పోగు అంచులోనికి చొరదు. అంచు తన రంగులోనే నిండుగా నిలుచును. ఒకే పేక ఈ కొసనుండి ఆ కొసవరకు నడచు మరమగ్గపు చీరలో ఒడలి పోగు అంచులో కలిసి, అంచు రంగు కొంత మారును. ఒడలును పట్టుతోనే నేసిన చీరలు కూడ నేడు వచ్చుచున్నవి.

చేతితో నేసిన వస్త్రమున పేక ఒకచోట కొంచెము బిగువుగను, ఒకచోట వదులుగను ఉండవచ్చును. ఇది మనిషి చేతి గుర్తు. దీనిని చూపి చీరను త్రిప్పియిచ్చుట అన్యాయము. నూలును పట్టును నీటిలో ఒకే తీరున నడుచుకొనవు గనుక, సూచనలను పాటింపక ఉదికినచో కలయిక దగ్గర ముడుతలు రావచ్చును. అదియు నేతగాని లోపము కాదు. రంగు నిలువకుండుట మాత్రము అద్దకపు లోపము. పట్టని చెప్పి కృత్రిమపు దారమును, వెండి జరీ యని చెప్పి ప్లాస్టిక్కు జరీని అంటగట్టుట లోపమును దాటి మోసమగును.

ఈ మోసమునుండి కాపాడుటకు కొన్ని గుర్తులు ఏర్పడినవి. అసలు పట్టునకు సిల్క్ మార్క్ 2004లోను, చేనేతకు హ్యాండ్‌లూమ్ మార్క్ 2006లోను వచ్చినవి. గద్వాల చీర భౌగోళిక గుర్తింపు పొందిన వస్త్రము గనుక, మరియొకచోట నేసిన చీరకు ఆ పేరు పెట్టి అమ్ముట చట్టవిరుద్ధము. 1985 నాటి చట్టము కొన్ని రకముల చీరలను, ధోవతులను చేతిమగ్గములకే కేటాయించినది. ఇంటిలో చేసికొనదగిన పరీక్ష కూడ ఒకటి కలదు. అంచు కొసనుండి ఒక పోగు లాగి కాల్చినచో, అసలు పట్టు వెండ్రుకలు కాలిన వాసన నిచ్చి, వ్రేళ్ల మధ్య నలిగి పొడియగు బూడిదను మిగుల్చును. కృత్రిమమైన దారములలో కొన్ని కాగితమువలె మండును, కొన్ని కరగి గట్టి ముద్దగా మారును.

నేతగాని పక్షము

త్రిప్పియిచ్చిన చీర అంగడిలోనే ఆగిపోదు. పట్టు, నూలు, జరీ తానే ఇచ్చి కూలికి నేయించు పద్ధతి చేనేతలో విస్తారముగా కలదు. అంగడివాడు నేయించినవానికి చీరను త్రిప్పి పంపును. నేయించినవాడు నేతగాని కూలిలో కోత పెట్టును. లోపము అద్దకములోనిదైనను, జరీలోనిదైనను, చివరకు ఆ భారము మగ్గముముందు కూర్చున్నవానిపై పడు ప్రమాదము కలదు. అతని బ్రదుకు ముందే బలహీనము. 2009 అక్టోబరులో తుంగభద్ర వరదకు రాజోలి మునిగినప్పుడు అచ్చటి మగ్గములును, వాటిపైనున్న పడుగులును నీటిపాలైనవి.

కావున కొనువారు తమ హక్కును సాధించునప్పుడు లోపము ఎవరిదో తేల్చుట న్యాయమునకు అవసరము. నకిలీని పట్టుకొన్న ప్రతి కొనుగోలుదారుడును నేతగానికి మేలు చేసినవాడగును. అబద్ధపు లోపము చూపిన ప్రతివాడును అతని కూలికి గండి కొట్టినవాడగును. ఈ రెండింటిని వేరుచేయు సాధనము బిల్లు. దానిపై ‘చీర ఒకటి’ అని మాత్రము వ్రాసియున్నచో అది డబ్బునకు సాక్ష్యము గాని వస్తువునకు సాక్ష్యము కాదు. ‘గద్వాల చేనేత చీర, ఒడలు నూలు, అంచు పట్టు, జరీ ఫలానా రకము’ అని వ్రాయించుకొన్నచో ఆ మాటకు అంగడివాడు కట్టుబడును. నిజమైన సరుకు అమ్మువానికి అట్లు వ్రాయుటలో భయమేమియు లేదు. వ్రాయుటకు జంకువానియొద్ద కొనకుండుట మేలు.

తగవు తీరు మార్గము

లోపము కనబడిన వెంటనే వస్త్రమును వాడుట మానవలెను. మరల ఉదుకరాదు, కత్తిరింపరాదు. అంటించిన చీట్లను, బిల్లును, లోపము కనబడు ఛాయాచిత్రమును భద్రపరచవలెను. ఆలస్యము చేసి ఊరకున్నచో సరుకును అంగీకరించినట్లే యని 1930 నాటి చట్టము భావించును. అంగడికి పోయి నెమ్మదిగా మాటలాడుట మొదటి మెట్టు; తగవులలో అనేకము అక్కడనే తీరును. తీరనిచో తేదీ వేసి జాబు వ్రాసి, నకలును దగ్గర నుంచుకొనవలెను. మూడవ మెట్టు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము. దాని టెలిఫోను సంఖ్య 1915.

అప్పటికిని కానిచో జిల్లా వినియోగదారుల కమిషన్ కలదు. ఉమ్మడి జిల్లా కాలమునుండి అది మహబూబ్‌నగర్‌లో నున్నది. హైదరాబాదులో కొన్న చీరకు హైదరాబాదునకే పోవలెనను నిర్బంధము లేదు. 2019 నాటి చట్టము ప్రకారము ఫిర్యాదిదారు నివసించు చోటి కమిషన్ నందే దాఖలు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకొనక తానే చెప్పుకొనవచ్చును. తగవు పుట్టిన నాటినుండి రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. రంగు లోపమా, ఉదుకుటలోని పొరపాటా యన్న ప్రశ్న వచ్చినప్పుడు కమిషన్ వస్త్రమును ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయింపగలదు. అట్టి పరీక్ష అవసరము లేనిచో మూడు నెలలలో, అవసరమైనచో ఐదు నెలలలో తీర్పు చెప్పుటకు ప్రయత్నింపవలెనని చట్టము. ఆచరణలో అంతకు మించిన ఆలస్యము కలుగుట కలదు. అందుచేతనే ఇరుపక్షములు ఒప్పుకొన్నచో మధ్యవర్తిత్వమునకు కూడ చట్టమున చోటిచ్చిరి. లోపము రుజువైనచో సవరించుమని గాని, మార్చియిమ్మని గాని, వెల త్రిప్పియిమ్మని గాని, నష్టపరిహారము చెల్లింపుమని గాని కమిషన్ ఆజ్ఞాపింపగలదు.

బడిలో నేర్పదగిన పాఠము

పాఠశాలలలో వినియోగదారుల సంఘములను నెలకొల్పు పథకమును కేంద్ర ప్రభుత్వము 2002లో ప్రారంభించినది. పథకము ఉన్నను లేకున్నను ఈ పాఠమునకు వేరు ఖర్చు లేదు. లేఖారచన నేర్పునప్పుడు సెలవు కోరు జాబుతోపాటు అంగడివానికి వ్రాయు జాబును కూడ వ్రాయింపవచ్చును. కొన్న తేదీ, వస్తువు వర్ణన, చెల్లించిన వెల, కనబడిన లోపము, కోరు పరిష్కారము, సమాధానమునకు గడువు: ఈ ఆరును నిందామాట లేకుండ ఒక పుటలో చెప్పగలిగిన విద్యార్థికి భాషయు వచ్చినట్లే, వ్యవహారమును వచ్చినట్లే. లెక్కల తరగతిలో ఇంటనుండి తెచ్చిన బిల్లులను పరిశీలింపజేసి, వాటిలో ఏది వస్తువును వర్ణించుచున్నదో, ఏది వెలను మాత్రము చెప్పుచున్నదో వేరుచేయింపవచ్చును. గద్వాల, వనపర్తి ప్రాంతములలోని విద్యార్థులకు మరియొక సౌకర్యము కలదు. మగ్గము వారి ఊరిలోనో, పొరుగూరిలోనో ఉండును. ఒక పూట అచ్చటికి పోయి మూడు నాడెల నేతను కన్నులార చూచిన పిల్లవాడు నకిలీ అంచును జీవితమున ఎన్నడును అసలుగా పొరపడడు.

ఆ పిల్లలే రేపు కొనువారును, అమ్మువారును కాగలరు. నేయువారి బిడ్డలును ఆ తరగతిలోనే కూర్చుందురు. అంగడిలో కొంచెము వెల తగ్గునని బిల్లు వదలుకొను తండ్రితో, “నాన్నా, చీటి వ్రాయించుకో, అందులో చేనేత అని కూడ వ్రాయమను” అని ఒక బిడ్డ చెప్పగలిగిననాడు, ఆ తండ్రి డబ్బునకును, ఎక్కడనో మగ్గముముందు కూర్చున్నవాని కూలికిని ఆ చిన్న కాగితమే కాపుగా నిలుచును.